కింద రాయాలా, కొత్త పేజీలో రాయాలా?

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,



నేను రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచర్ని, అంటే ఎస్జీటీని. సర్వీసంతా మదనపల్లె చుట్టుపక్కల మండలాల్లోని ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది, అందులో చాలా భాగం ఏకోపాధ్యాయ పాఠశాలల్లో. ఈ లేఖ డీఏ బకాయిల గురించి కాదు, పీఆర్సీ గురించీ కాదు. వాటి కోసం రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, రాయాల్సిందే కూడా. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు తమ చదువు మీద తమకే పెత్తనం లేకుండా పోయింది. దాని గురించి రాస్తున్నాను. మీరు తలుచుకుంటే చేయగలిగింది ఇందులో చాలా ఉంది, ఖర్చు పెద్దగా లేదు. నలుగురూ చదివితే మీకూ గుర్తుంటుందని బహిరంగంగా రాస్తున్నాను.

ఏదో ఒక బడికి ముందుగా చెప్పకుండా వెళ్లండి. చెబితే ముగ్గులు వేసి, బొకేలు తెచ్చి, పిల్లల చేత ఇంగ్లిష్‌లో స్వాగతం బట్టీ పట్టిస్తారు. చెప్పకుండా వెళ్లి, మూడో తరగతి గదిలో వెనక గోడకు ఆనుకుని ఒక అరగంట కూర్చోండి. టీచరు బోర్డు మీద ప్రశ్నలు, జవాబులు రాస్తుంటారు. పిల్లల నోటి నుంచి వచ్చే ప్రశ్నలు వినండి. “సార్, కింద రాయాలా, కొత్త పేజీలో రాయాలా?” “ప్రశ్న గూడా రాయాలా, జవాబొక్కటేనా?” “మార్జిన్ కొట్టాలా సార్?” “పెన్సిలా, పెన్నా?” అందరికంటే ముందు రాసేసిన పిల్లాడు నోటుపుస్తకం పైకెత్తి, “అయిపోయింది సార్, ఇప్పుడేం చెయ్యాల?” అంటాడు. ఆ అరగంటలో పాఠం గురించి ఒక్క ప్రశ్న కూడా రాకపోవచ్చు. అడిగిందల్లా అనుమతే.

అదే పిల్లల్ని సాయంత్రం ఊళ్లో చూడండి. క్రికెట్‌లో గోడ అవతల పడితే ఔటా, సిక్సా అన్నది వాళ్లే తేలుస్తారు. చిన్న తమ్ముణ్ని ఏడవకుండా ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. అంగట్లో ఇరవై రూపాయలిచ్చి సరుకు తెచ్చి, చిల్లర లెక్క అమ్మకు అప్పజెప్తారు. వాన మబ్బు కనబడితే మేకల్ని ఎప్పుడు తోలుకు రావాలో ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్ని నిర్ణయాలు తీసుకునే పిల్లలు బడి గేటు దాటగానే పేజీ తిప్పడానికి కూడా పెద్దవాళ్ల మొహం వైపు చూస్తున్నారు. ఈ అలవాటు వాళ్లకు పుట్టుకతో రాలేదు. మేము నేర్పాం. మాకు మీ శాఖ నేర్పింది.

ఎలాగంటారా? బడికి వచ్చిన అధికారి ఎవరైనా మొదట అడిగేది నోటుపుస్తకాలు. తేదీ వేశారా, మార్జిన్ ఉందా, ఎర్ర సిరా పడిందా, సంతకం ఉందా. పిల్లను లేపి “నువ్వు రాసింది నాకు చదివి చెప్పు తల్లీ” అన్న అధికారుల్ని నేను చూడకపోలేదు, కానీ తక్కువ. దాంతో టీచరు తనను తాను కాపాడుకోవడం నేర్చుకుంటాడు. నలభై పుస్తకాల్లో ఒకే వాక్యం ఉంటే దిద్దడం తేలిక, మాట పడక్కర్లేదు. బోర్డు మీద టీచరు పొరపాటున ఒక ఒత్తు మరిచిపోతే నలభై పుస్తకాల్లోనూ ఆ ఒత్తు ఉండదు. “మా ఊరు” అని వ్యాసం రాయమంటే మా ప్రాంతంలో ఏ బడిలో చూసినా ఒకటే: మా ఊరు చాలా అందమైనది, ఊరి పక్కన నది ప్రవహించుచున్నది, పచ్చని పొలములు కలవు. వానొస్తే పారే వంక తప్ప వేరే నీళ్ల జాడ లేని ఊళ్లో, బోరు ఎండి టమాటా తోట పీకేసిన రైతు కొడుకు రాసిన వ్యాసం అది. దానికి ఎర్ర సిరాతో “గుడ్” అని కూడా ఉంటుంది.

నిజానికి కాగితం మీద మన శాఖ ఎప్పుడూ మంచి మాటే చెప్పింది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ఏపీపీఈపీ అనేవాళ్లం. దానికి ఆరు సూత్రాలుండేవి. చేస్తూ నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్లుగానూ పనిచేయడం, పిల్లకూ పిల్లకూ ఉన్న తేడాను గుర్తించడం, చుట్టుపక్కల ఉన్నవాటినే సామగ్రిగా వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించడం అందులో ఉన్నాయి. ఆ శిక్షణ తీసుకున్న పాత టీచర్లు ఇప్పటికీ ఆ రోజుల్ని తలుచుకుంటారు. విద్యాహక్కు చట్టం, 2009లో 29వ సెక్షన్ చదవండి: పిల్లల చదువు కృత్యాలతో, అన్వేషణతో, వాళ్లకు భయం లేని వాతావరణంలో సాగాలని పార్లమెంటే చెప్పింది. తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పిల్లలు సొంత మాటల్లో రాయాలన్నారు, ప్రాజెక్టు పని అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ “సొంత మాటలు” గైడుల్లో అచ్చయి అమ్మకానికి వచ్చాయి. ప్రాజెక్టులు బస్టాండు పక్క స్టేషనరీ దుకాణంలో దొరికాయి. చార్టు, దాని మీద అతికించే బొమ్మల షీటు కలిపి ఇస్తారు. కత్తెర పట్టేది అమ్మ, జిగురు పూసేది అక్క. పిల్లాడి వంతుకు దాన్ని మడత పడకుండా బడికి మోసుకుపోవడమే మిగిలింది.

తప్పు ఆ ఆలోచనలది కాదు. ప్రతి మంచి ఆలోచననూ మనం రికార్డుగా మార్చుకున్నాం. రికార్డు నింపేది పెద్దవాళ్లు.

ఇప్పుడు వస్తున్న హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు సంగతే చూడండి. 2020 జాతీయ విద్యా విధానం ఆ కార్డులో టీచరు మాటతో పాటు తోటి పిల్లల మాట, పిల్ల తన గురించి తాను చెప్పుకునే మాట కూడా ఉండాలంది. చాలా గొప్ప సంగతి. మన దేశంలో బడి పిల్లను “నీ గురించి నువ్వేమనుకుంటున్నావు?” అని అధికారికంగా అడగడం చిన్న విషయం కాదు. చిన్న తరగతులకైతే నవ్వు మొహం, మామూలు మొహం, దిగులు మొహం బొమ్మలుంటే చాలు, పిల్ల టిక్కు పెట్టేస్తుంది. ఒక బడిలో నేను చూసిందేమిటంటే, మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక ఒక టీచరమ్మ నలభై కార్డులు ముందేసుకుని, ఒకే నీలం పెన్నుతో నలభై మంది తరఫునా నవ్వు మొహానికి టిక్కు పెడుతోంది. నేను నిలబడి చూస్తుంటే తలెత్తి, “సాయంత్రానికల్లా అప్‌లోడ్ చెయ్యాల సార్, పిల్లోల్లతో పెట్టిస్తే ఎప్పటికి తెముల్తాది?” అంది. ఆమెను నేనేమీ అనలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరని మీకు తెలుసు. అక్కడికి దగ్గర్లోని రిషివ్యాలీ స్కూలు పేరు దేశమంతా తెలుసు. ఫీజులు కట్టి చదివే ఆ పెద్ద బడి గురించి కాదు నేను చెప్పబోయేది. దాని చుట్టుపక్కల పల్లెల్లో, మేకలు కాసుకునేవాళ్ల, కూలీల పిల్లల కోసం ఆ సంస్థే పెట్టిన ఒంటి గది బడుల గురించి. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ అనే దంపతులు ఈ బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. రివర్ అని పిలుస్తారు. సమస్య మనకు తెలిసిందే: ఒకే టీచరు, ఒకే గది, ఐదు తరగతులు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగూ చేతులు కట్టుకుని కూర్చోవాలి, లేదా అల్లరి చెయ్యాలి. వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులు చేశారు. కొత్త సంగతి చెప్పే కార్డు, దాన్ని సాధన చేయించే కార్డు, వచ్చిందో లేదో తేల్చే కార్డు, రాకపోతే మళ్లీ చేయించే కార్డు, వచ్చినవాళ్లకు ఇంకాస్త పని ఇచ్చే కార్డు. అన్నిటినీ వరసలో పెట్టి గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ వేశారు. ప్రతి మెట్టు పక్కన ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె.

ఆ బడుల్లో ఒకదానికి వెళ్లినప్పుడు ఒక పాపను చూశాను. ఎనిమిదేళ్లుంటాయేమో. రాగానే నిచ్చెన దగ్గరికి వెళ్లి తన మెట్టు మీద వేలు పెట్టుకుంది. గుర్తు చూసుకుని ట్రేల వరస వైపు నడిచి, ఒక కార్డు తీసి, తప్పు కార్డని గ్రహించి వెనక్కి పెట్టి ఇంకోటి తీసింది. ఆ గుర్తున్న పని తోటి పిల్లలతో చేసేది కాబోలు, ఇద్దరు పిల్లలున్న చాప మీద కూర్చుంది. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ టీచరు ఇంకో మూల చాప మీద నలుగురు చిన్నవాళ్లకు ఏదో చూపిస్తున్నాడు, ఇటు తల తిప్పనే లేదు. టీచరుతో చేసే పని, తోటివాళ్లతో చేసే పని, ఒంటరిగా చేసే పని వేర్వేరని, దేనికెక్కడ కూర్చోవాలో పిల్లలందరికీ తెలుసు. నేనున్నంతసేపూ “ఇప్పుడేం చెయ్యాల?” అన్న మాట వినబడలేదు. గది నిశ్శబ్దంగా ఉందనుకునేరు. సంతలా ఉంది. కాకపోతే అది పని మీదున్న సంత.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది మరొకటుంది. వేరుశనక్కాయల కోతలప్పుడు, జాతరప్పుడు మా పిల్లలు పది రోజులు బడికి రారు. మామూలు బడిలో తిరిగొచ్చేసరికి పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది, ఆ పిల్ల ఇక ఎప్పటికీ అందుకోదు. నిచ్చెన ఉన్న చోట తను వదిలిన మెట్టు మీదే వేలు పెట్టి అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. తానెక్కడుందో తనకు తెలుసు. తానెక్కడుందో తెలిసిన పిల్లకు “వెనకబడినది” అనే పేరు పెట్టడం అంత తేలిక కాదు.

మన గడ్డ మీద పుట్టిన ఈ పనిని ఎవరెవరు పట్టుకెళ్లారో కూడా చెప్పాలి. కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు వచ్చి చూసి వెళ్లారు. 1995లో అక్కడ యూనిసెఫ్ తోడ్పాటుతో నలి-కలి మొదలైంది, తర్వాత ఆ రాష్ట్రమంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ కమిషనర్‌గా ఉన్న విజయకుమార్ రిషివ్యాలీ పద్ధతిని 2003లో కార్పొరేషన్ బడుల్లోకి తీసుకెళ్లారు. 2007-08కల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ అది చేరింది. మనకు మాత్రం అది చాలావరకు మదనపల్లె పక్కన ఎవరో చేసుకునే మంచి పనిగానే మిగిలింది. పొరుగు రాష్ట్రాల బస్సులు మా మీదుగా వెళ్లి చూసొస్తుంటే మా మండలంలో చాలామంది టీచర్లు ఆ బడుల్లోకి తొంగి చూడలేదు. ఎవరూ పంపలేదు గనక.

అయితే నిచ్చెన ఒక్కటి తగిలిస్తే అంతా అయిపోతుందని నేననడం లేదు. పక్క రాష్ట్రాల్లో అంత పెద్ద ఎత్తున చేసినప్పుడు కొన్ని చోట్ల కార్డు కూడా యాంత్రికమైపోయిందన్న విమర్శలు వచ్చాయి. ఆశ్చర్యమేమీ లేదు. ఎన్ని మెట్లు ఎక్కారు, నెలాఖరుకు ఎంత శాతం అని పైనుంచి అడగడం మొదలైతే టీచరు పిల్లల వేళ్లు పట్టుకుని తనే మెట్లెక్కిస్తాడు. నిచ్చెన పిల్లదిగా ఉన్నంతసేపే పనికొస్తుంది.

కార్డులు లేకుండా కూడా కొంత చేయొచ్చు. నేను చేసిన రెండు పనులు చెబుతాను. లెక్కల జవాబులు నా దగ్గర పెట్టుకోకుండా గదిలో వెనక గోడకు అట్ట మీద రాసి తగిలించాను. లెక్క చేశాక పిల్లలే వెళ్లి సరిచూసుకోవాలి. అనుకున్నట్టే మొదట్లో అందరూ ముందు జవాబు చూసొచ్చి తర్వాత లెక్క చేశారు. నేను మార్కులు వెయ్యడం మానేశాను, ఎవరికెన్ని వచ్చాయని అడగడం మానేశాను. దొంగతనం చేస్తే దక్కేదేమీ లేకపోయేసరికి క్రమంగా చూసి రాయడం తగ్గింది. తప్పొచ్చినవాడు అట్ట దగ్గరే నిలబడి, వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టుకోవడం కనబడింది. నేను దిద్దిన రోజుల్లో నా ఎర్ర సున్నా చూసి పుస్తకం మూసేసేవాడు వాడే.

రెండోది, నోటుపుస్తకం చివరి పేజీలో “నాకింకా రానివి” అని శీర్షిక పెట్టించాను. రానిది ఏదైనా అక్కడ రాసుకోవాలి, వచ్చాక తనే కొట్టేసుకోవాలి. పిల్లలు రాసినవి చూసి నాకు నవ్వు, బుద్ధి రెండూ వచ్చాయి. “గడియారం చూసేది.” “ఱ ఎప్పుడు రాయాల?” “భాగారం శేషం వచ్చేది.” ఒక పిల్లాడు “సైకిలు” అని రాసుకున్నాడు. దసరా సెలవుల తర్వాత దాన్ని రెండు గీతలతో కొట్టేసి చూపించాడు. నేను చెప్పాల్సిన పాఠాల పట్టిక మీ శాఖ ఇచ్చే వార్షిక ప్రణాళికలో కంటే ఆ చివరి పేజీల్లోనే బాగా దొరికింది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ పేజీ చూసి ఉలిక్కిపడ్డారు. “రానివి అని రాయిస్తారేమయ్యా, రేపు పైవాళ్లు చూస్తే?” అన్నారు. వచ్చినవి కూడా రాయిస్తున్నాను సార్ అని ముందు పేజీలు తిప్పి చూపించి బతికి బయటపడ్డాను.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి, నాకూ చాలాకాలం ఉండేది. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి వాచకం చదవలేకపోతున్నారని సర్వేలు గోల పెడుతుంటే, అక్షరాలు రాని పిల్లలకు ఈ స్వేచ్ఛలేమిటి, ముందు పునాది వెయ్యనివ్వండి అని. పేదవాళ్ల పిల్లలకు కావాల్సింది క్రమశిక్షణ, స్వేచ్ఛ కలిగినవాళ్ల ముచ్చట అని కూడా అంటారు. అక్షరాలు కూర్చోబెట్టి నేర్పాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. గుణింతం పిల్ల తనంతట తాను కనిపెట్టదు. కానీ నేర్పాక సాధన ఎవరు చేస్తారు? నలభై మందికి ఒకేసారి “క కా కి కీ” అనిపిస్తే, వచ్చినవాళ్లు పాడతారు, రానివాళ్లు పెదాలు కదుపుతారు. తనకు “కృ” రాదని తనకు తెలిసి, దాన్ని వెతుక్కుని చదివే పిల్ల ముందు నేర్చుకుంటుంది. రివర్ బడులు పుట్టిందే మేకల కాపరుల పిల్లల కోసం. ముచ్చట కోసం కాదు, ఒక్క టీచరుతో ఐదు తరగతులు నడవాలన్న అవసరం కొద్దీ. పిల్ల తనంతట తాను అరగంట పనిచేయగలిగితేనే టీచరుకు రానివాళ్ల పక్కన కూర్చునే అరగంట దొరుకుతుంది. పునాది అక్షరాస్యతకు ఇది అడ్డమా, దారా?

మీరు 2025లో, బడుల విలీనానికి దారితీసిన 117 జీవోను రద్దు చేసి మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచరుని ఇస్తామన్నారు. మంచి పని, మేమంతా ఏళ్ల తరబడి అడిగింది. అయితే తరగతికో టీచరు వచ్చాక ఆ టీచరు రోజంతా బోర్డు మీద రాసి పిల్లలతో ఎక్కిస్తే, ఐదు తరగతులున్న గదిలో పిల్లకు దొరికే ఆ కాస్త సొంత సమయం కూడా పోతుంది. ఏకోపాధ్యాయ బడిలో నా చూపు పడని పిల్లలు కొన్నిసార్లు బాగా నేర్చుకోవడం నేను చూశాను. పక్క తరగతి పాఠం వింటూ, పెద్దవాళ్ల పుస్తకం తిరగేస్తూ. టీచర్లను పెంచండి. పెంచిన టీచర్ల చేత పిల్లల పని చేయించకండి.

ఇళ్ల సంగతి కూడా రెండు మాటలు. ప్రైవేటు స్కూళ్ల హోంవర్కు ఇప్పుడు వాట్సప్ గ్రూపుకి వస్తుంది. పిల్లకు రేపేం చెయ్యాలో పిల్లకంటే ముందు తల్లికి తెలుస్తుంది. సంచి సర్దేది తల్లి, టైమ్‌టేబుల్ చూసేది తల్లి, మరిచిపోతే తిట్లు తినేదీ తల్లే. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా ఇంటిపనే వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దంది. తెలంగాణలోనూ, ఇక్కడా కార్పొరేటు స్కూళ్ల యూకేజీ పిల్లల డైరీలు చూస్తే ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదని తెలుస్తుంది. తల్లిని నేను తప్పుపట్టను. పిల్ల మరిచిపోతే శిక్ష పడుతుందని భయపడి ఆమె గుర్తుపెట్టుకుంటోంది. ఒకసారి మరిచిపోయి, ఏమీ కాకుండా, మర్నాడు తనే గుర్తుపెట్టుకునే అవకాశం బడి ఇస్తే ఇంట్లోనూ పట్టు సడలుతుంది.

స్టార్ల గురించి కూడా చెప్పకుండా ఉండలేను. స్టార్లు, స్టాంపులు, నెల నెలా “స్టార్ ఆఫ్ ద క్లాస్” ఫోటోలు మన బడుల్లో బాగా పెరిగాయి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత అవే పెన్నులు మామూలుగా గదిలో పెడితే, మిగతా పిల్లలు వాటితో గడిపిన సమయంలో దాదాపు సగమే వీళ్లు గడిపారు. సర్టిఫికెట్ లేనిచోట బొమ్మెందుకు అనుకున్నట్టు. నేను స్టార్లకు పూర్తి విరోధిని కాను. పిల్ల ఇష్టపడి చేస్తున్న పనికి ధర కట్టొద్దంటాను, అంతే.

గిజుభాయి బధేకా రాసిన “దివాస్వప్న” తెలుగులో “పగటి కల”గా వచ్చింది. టీచర్లకు శిక్షణల్లో ఎవరో ఒకరు దాని పేరు చెబుతూనే ఉంటారు. ఒక టీచరు నాలుగో తరగతిని తీసుకుని ఏడాదిపాటు కథలతో, ఆటలతో, తరగతి గ్రంథాలయంతో చదువు చెప్పి చూపించే కథ. అందరూ ఆ టీచరును మెచ్చుకుంటారు. నాకు ఆ పుస్తకంలో నచ్చినవాడు విద్యాధికారి. ఎవరో వచ్చి నాకొక తరగతి ఇవ్వండి, ప్రయోగం చేస్తానంటే, అనుమానంగానే అయినా, సరే చెయ్యమన్నాడు. ఏడాది ఆగాడు. మన రాష్ట్రంలో మంచి టీచర్లకు కొదవ లేదు. ఏడాది ఆగే అధికారులు కావాలి. అది మీరు మాత్రమే ఇవ్వగలిగింది.

కాబట్టి నా మనవి. రోజుకొక పీరియడు, ఒకటి నుంచి ఐదు దాకా, ఏం చదవాలో పిల్లే ఎంచుకునే పీరియడు ఇవ్వండి. మొత్తంగా గాలికి వదిలెయ్యమని కాదు. టీచరు నాలుగు పనులు సిద్ధం చేసి పెడతాడు, అందులో ఒకటి పిల్ల ఎంచుకుంటుంది, తనే సరిచూసుకుంటుంది. శనివారాలు ఎలాగూ నో బ్యాగ్ డే అన్నారు. అక్కణ్నుంచే మొదలుపెట్టినా సరే. దానికి కొత్త పథకం పేరు పెట్టొద్దు. పేరు పెడితే లోగో వస్తుంది, లోగో వస్తే యాప్ వస్తుంది, యాప్ వస్తే ఫోటో అడుగుతుంది. తనిఖీకి వెళ్లే ఎంఈవోలకు, సీఆర్పీలకు ఒక మాట చెప్పండి: నోటుపుస్తకాలు చూసేముందు ముగ్గురు పిల్లలతో కూర్చుని, ఈ వారం నీకేం వచ్చింది, ఇంకా ఏం రాలేదు అని అడగమనండి. నలభై పుస్తకాల్లో నలభై రకాల వాక్యాలు, నలభై రకాల తప్పులు కనబడితే ఆ టీచరుకు మెమో ఇవ్వొద్దనండి. రెండు మండలాల టీచర్లను విడతల వారీగా రిషివ్యాలీ పల్లె బడులకు పంపండి. వాళ్లు చూసొచ్చి తమకు తోచినట్టు చేసుకుంటారు. ఏడాది దాకా శాతాలు అడక్కండి.

చివరిగా, ఖర్చు అసలే లేనిది. 2024 డిసెంబరు 7న తొలిసారి, 2025 జులై 10న రెండోసారి మెగా పేరెంట్-టీచర్ మీటింగులు (పీటీఎంలు) పెట్టారు. తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలో బడికి రావడం నాకు సంతోషం కలిగించింది. కానీ ఇలాంటి సమావేశాల్లో జరిగేది ఒకటే. టీచరు, తల్లి మాట్లాడుకుంటుంటారు. మధ్యలో పిల్ల నిలబడి వాళ్లిద్దరి మొహాల్నీ మార్చి మార్చి చూస్తుంటుంది. తన చదువు గురించి జరిగే మాటల్లో తను సాక్షి కూడా కాదు. వచ్చే మెగా పీటీఎం ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్పించండి: మొదటి పది నిమిషాలు పిల్లే తన పుస్తకం తెరిచి, తానేం నేర్చుకుందో, ఏం ఇంకా రాలేదో తల్లిదండ్రులకు చెప్పాలి, ప్రోగ్రెస్ కార్డులో తన గడి తనే నింపాలి, ఆ పది నిమిషాలూ టీచరు, ఎమ్మెల్యే, ఎంఈవో ఎవరూ మాట్లాడకూడదు. మీరు వెళ్లే బడిలో మీరూ ఒక చాప మీద కూర్చుని వినండి. ఉత్తర్వు రాసేవాళ్లు ఆ వాక్యాన్ని నాలుగు పేజీల మార్గదర్శకాలుగా పెంచకుండా మీరే చూసుకోవాలని ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎస్జీటీ